మీ మామగారు అడిగిన మండలం ఇక్కడ లేదు: హొసకోటె పొలం కొనబోయే వారికి జవాబు

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెప్పుకుంటాను. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. హొసకోటె తాలూకా నందగుడి హోబళిలో 20 గుంటల పొలం చూశారు. ప్రొద్దుటూరులో ఉన్న మీ మామగారు ఒకప్పుడు కరణంగా చేసిన మనిషి. ఫోన్‌లో మూడే మూడు ప్రశ్నలు వేశారు: ఏ మండలం, సర్పంచ్ ఎవరు, అడంగల్‌లో ఎన్ని సెంట్లుంది. మీ దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. బ్రోకర్ని అడిగితే "పంచాయతీ ఖాతా ఉంది సార్, ఏం భయం లేదు" అన్నాడు.

మీ మామగారి ప్రశ్నలు మంచివి. భయపడాల్సింది బ్రోకరు జవాబు చూసి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను ఈ హొసకోటె వైపు దస్తావేజులు రాయబట్టి ముప్పై ఏళ్లు దాటింది. మా తాత శానుభోగులు, అంటే మీ మామగారి కొలువే, పేరొకటి వేరు. నందగుడి, చింతామణి, మాలూరు, కోలారు వైపు మాలాంటి ఇండ్లు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ. మా తాత లెక్క కన్నడంలో రాసి, తప్పు పోతే తెలుగులో తిట్టుకునేవాడు.

మూడు ప్రశ్నలకూ పొట్టి జవాబులు ఇవి. మండలం లేదు, తాలూకా కింద హోబళి ఉంది. సర్పంచ్ లేడు, అధ్యక్షుడు ఉంటాడు, లేదా అధ్యక్షురాలు. సెంట్లు లేవు, గుంటలున్నాయి. 40 గుంటలు ఒక ఎకరం. గుంట అంటే 121 గజాలు, మీ లెక్కలో రెండున్నర సెంట్లు. మీ 20 గుంటలు సరిగ్గా అరెకరం, 50 సెంట్లు, 2420 గజాలు. గుంట కింద అణాలుంటాయి, 16 అణాలు ఒక గుంట. పాత దస్తావేజులో "2 గుంటల 4 అణాలు" అని కనబడితే అది డబ్బు లెక్క అనుకోకండి.

ఈ తేడా ఎక్కడ మొదలైందో మీ మామగారికి చెబితే సంతోషిస్తారు. 1800లో నిజాం మీ కడపను, అనంతపురం, బళ్లారితో కలిపి కుంపినీకి ఇచ్చేశాడు. దత్తమండలాలని మీరు చదువుకున్నది అదే. అక్కడికి కలెక్టరుగా వచ్చిన మన్రో రైతువారీ పద్ధతిని నాటాడు, తర్వాత లెక్కలన్నీ మద్రాసు దారిలో నడిచాయి. మైసూరు కథ వేరు. 1799లో టిప్పు పోయాక రాజ్యం ఒడెయర్ల చేతికి తిరిగి వచ్చింది, 1831 నుంచి 1881 దాకా ఇంగ్లీషు కమిషనర్లు నడిపారు. వాళ్లు 1863లో సర్వే మొదలుపెట్టినప్పుడు మద్రాసును కాదని బొంబాయి పద్ధతిని తెచ్చుకున్నారు. గుంట, ఖరాబు (సాగు లెక్కలోకి రాని నేల), ఆకార్‌బంద్ (విస్తీర్ణం, శిస్తు రాసే సర్వే పట్టీ), టిప్పణి (సర్వేయరు కొలతల పటం), ఈ మాటలన్నీ ఆ దారినే వచ్చాయి. ప్రొద్దుటూరుకూ నందగుడికీ మధ్య ఒక్క రాత్రి బస్సు ప్రయాణమే. ఆ మాటకొస్తే మీ ఊరి పెన్న పుట్టింది మా నంది కొండల వైపే. అక్కడే పుట్టిన దక్షిణ పినాకిని హొసకోటె చెరువు నింపి తమిళనాడు దారి పడుతుంది. నీళ్లు ఒక చోటివే, పొలం లెక్కలు మాత్రం రెండు రాజధానులవి.

అంతకు ముందు ఇది పాళెగాళ్ల నేల. యలహంక నాడు కెంపేగౌడలది, 1537లో బెంగళూరు కోట కట్టింది వాళ్లే. దేవనహళ్లి కోట ఆవతి గౌడలది. వాళ్ల పెద్దలు కంచి వైపు నుంచి వచ్చారని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. హొసకోటె సుగటూరు గౌడలది. హొస కోటె అంటే కొత్త కోట అనే అర్థం, ఆ కొత్తదనం పోయి నాలుగు వందల ఏళ్లు అవుతున్నా పేరు పోలేదు. తర్వాత బిజాపురం వాళ్లు, మొఘలులు. మొఘలులు బెంగళూరును 3 లక్షల రూపాయలకు చిక్కదేవరాజ ఒడెయరుకు అమ్మేశారు. ఇప్పుడు దేవనహళ్లిలో ఆ డబ్బుకు ఒక కారు నిలిపే చోటు కూడా రాదు. ఎవరు ఏలినా అడుగున ఉన్న చట్రం మాత్రం పెద్దగా మారలేదు: ఊరు, ఊళ్ల గుంపు, ఆ గుంపుల మీద ఒక కసబా. మైసూరు ప్రభుత్వం ఆ ఊళ్ల గుంపుకు హోబళి అని, దాని మీద ఉన్నదానికి తాలూకా అని పేరు ఖాయం చేసింది. తాలూకాకు అమల్దారు, హోబళికి శేక్‌దారు. ఇప్పుడు వాళ్లే తహసీల్దారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. హొసకోటె తాలూకాలో అయిదు హోబళిలు: కసబా, సూలిబెలె, నందగుడి, జడిగేనహళ్లి, అనుగొండనహళ్లి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. హోబళికి ఎన్నికలు లేవు. దానికి సభ్యుడూ లేడు, అధ్యక్షుడూ లేడు. అది పూర్తిగా రెవెన్యూ శాఖ గీసుకున్న గీత. మీ మామగారి మండలం అలా కాదు. 1985లో ఎన్.టి.రామారావు తాలూకాలను చీల్చి మండలాలు పెట్టినప్పుడు రెవెన్యూ ఆఫీసునీ పరిషత్తునీ ఒకే గీత లోపలికి తెచ్చారు. ఎమ్మార్వో, ఎంపీడీవో ఒకే ఊళ్లో దొరుకుతారు. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చినవాళ్లు "నందగుడి మండలాఫీసు" అని వెతుకుతారు. నందగుడిలో దొరికేది నాడకచేరి. పహణీ నకలు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ లాంటివి అక్కడ ఇస్తారు. తహసీల్దారు ఉండేది హొసకోటెలో.

కర్ణాటకలో మండలం ఎప్పుడూ లేదా అంటే, ఉండేది. మీ మామగారికి ఇది తెలిసి ఉండకపోవచ్చు. 1959 చట్టం కింద గ్రామ పంచాయతీలు, తాలూకా బోర్డులు నడుస్తుండేవి, పేరు పెద్ద, పని చిన్న. రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రిగా, అబ్దుల్ నజీర్ సాబ్ పంచాయతీ మంత్రిగా ఉన్నప్పుడు 1983లో కొత్త చట్టం చేశారు. 1987 జనవరిలో ఎన్నికలు. 8 నుంచి 12 వేల జనానికి ఒక మండల్ పంచాయతీ, జిల్లాకు ఒక జిల్లా పరిషత్తు. ఆడవాళ్లకు నాలుగో వంతు సీట్లు, ఢిల్లీలో ఆ మాట రాజ్యాంగంలోకి ఎక్కడానికి ఎన్నో ఏళ్ల ముందు. జిల్లా పరిషత్తు అధ్యక్షుడికి సహాయ మంత్రి హోదా. పరిషత్తుకు కార్యదర్శిగా వచ్చే ఐఏఎస్ అధికారి జిల్లాధికారి కంటే సీనియరు. జిల్లాధికారి అంటే మీ కలెక్టరు. కలెక్టరు కంటే పై మెట్టు మీద పరిషత్తు మనిషి కూర్చోవడం, నేను చూసిన ప్రభుత్వాల్లో అంత ధైర్యం ఇంకొకటి లేదు. నజీర్ సాబ్‌ను జనం నీర్ సాబ్ అని పిలిచేవాళ్లు, ఊరూరా బోర్లు వేయించినందుకు. 1988లో ఆయన పోయారు. ఆ మండల్ పంచాయతీలు రెండోసారి ఎన్నిక చూడకుండానే పోయాయి.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదహారు రోజులకే, మే 10న, కర్ణాటక కొత్త పంచాయతీ చట్టం అమలుచేసింది. మండల్ అనే మాట అందులో లేదు. 5 నుంచి 7 వేల మందికి ఒక గ్రామ పంచాయతీ, పైన తాలూకా పంచాయతీ, ఆ పైన జిల్లా పంచాయతీ. 400 మందికి ఒక సభ్యుడు. ఊళ్లు చిన్నవైతే నాలుగైదు కలిసి ఒకటే పంచాయతీ. అందుకే మీ పొలం ఉన్న ఊరి పేరు, పంచాయతీ పేరు వేరువేరుగా ఉండొచ్చు, అది మోసం కాదు. అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు, గెలిచిన సభ్యులు తమలో ఒకరిని ఎన్నుకుంటారు, రిజర్వేషను ఎవరికి వస్తే వాళ్లలో. మీ సర్పంచ్ ఊరందరి ఓటుతో గెలిచి వస్తాడు, ఆయన మాటకు ఆ బరువుంటుంది. ఇక్కడ అధ్యక్షుడి బరువు సభ్యుల లెక్కను బట్టి. రోజువారీ పని నడిపేది పీడీఓ, అంటే పంచాయతీ అభివృద్ధి అధికారి. ఖాతా నకలు మీద సంతకం ఆయనదే.

తాలూకా, జిల్లా పంచాయతీల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే చెప్పుకోడానికి మిగిలింది తక్కువ. చివరి ఎన్నికలు 2016లో జరిగాయి. 2021లో గడువు తీరింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు అధికారులే నడుపుతూ వచ్చారు. నజీర్ సాబ్ సహాయ మంత్రి హోదా ఇచ్చిన కుర్చీ ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఊరి కొలువుల సంగతి. మా తాత కాలంలో ఊరికి పటేలు, శానుభోగులు, తలవారి, తోటి, నీరుగంటి ఉండేవాళ్లు. నీరుగంటి అంటే చెరువు తూము విప్పి ఎవరి మడికి ఎంత నీళ్లో పంచేవాడు. అన్నీ వంశపారంపర్యం. లెక్కలు ఎర్రగుడ్డలో కట్టిన దఫ్తరంలో మా ఇంటి అటక మీద ఉండేవి. ఊరి భూమి జాతకమంతా ఒక ఇంట్లో, ఒక మనిషి దస్తూరిలో. దాని మంచీ చెడూ మీ మామగారికి చెప్పాల్సిన పని లేదు. మైసూరు ప్రభుత్వం ఆ కొలువులను రద్దు చేసే చట్టం 1961లో చేసి 1963 ఫిబ్రవరి 1 నుంచి అమలుచేసింది. దఫ్తరం తాలూకా ఆఫీసుకు అప్పజెప్పి వచ్చిన రోజు మా తాత అన్నం తినలేదని మా అవ్వ చెప్పేది. ఆ తర్వాత జీతం మీద విలేజ్ అకౌంటెంటు వచ్చాడు, ఇప్పుడు అతన్నే వీఏఓ అంటున్నారు. మీ వైపు అదే పని 1984లో జరిగింది. అంటే మా తాతకూ మీ మామగారికీ ఒకే దెబ్బ ఇరవై ఒక్క ఏళ్ల తేడాతో తగిలింది.

ఇంత చెప్పిందీ బ్రోకరు మాట దగ్గరికి రావడానికే. ఇక్కడ ఊరి మీద రెండు ప్రభుత్వాలున్నాయి, పక్కపక్కనే నడుస్తాయి, ఒకదాని కాగితం ఇంకొకదాన్ని కట్టడి చేయదు. ఒకటి రెవెన్యూ: జిల్లాధికారి, ఆయన కింద ఏసీ (అసిస్టెంట్ కమిషనరు), తహసీల్దారు, ఆర్ఐ, వీఏఓ. పొలం వీళ్లది. రెండోది పంచాయతీ: ఇల్లు, ఇంటి స్థలం, వీధి, దీపం, నీళ్లు, పన్ను. పొలానికి కాగితం పహణీ, అంటే మీ అడంగల్, దాన్నే ఇక్కడ ఆర్‌టీసీ అంటారు. ఇంటి స్థలానికి కాగితం పంచాయతీ ఖాతా, ఇ-స్వత్తు అనే పంచాయతీ ఆస్తుల కంప్యూటరు లెక్క నుంచి వచ్చే ఫారం 9, ఫారం 11. పొలంగా ఉన్న భూమికి పంచాయతీ ఖాతాతో పని లేదు. 20 గుంటలు పొలమే అయితే పంచాయతీ ఖాతా ఎక్కడి నుంచి వచ్చింది? ఆ భూమిని జిల్లాధికారి దగ్గర భూపరివర్తన చేయించి, అంటే సాగు కాని వాడకానికి మార్పించి ఉండాలి, జనం డీసీ కన్వర్షన్ అనేది దాన్నే. లేదా అది గ్రామఠాణాలో ఉండాలి, మీ వైపు గ్రామకంఠం అంటారు. రెండూ కాకపోతే ఎవరో పొలాన్ని ముక్కలు చేసి, పంచాయతీలో పన్ను కట్టి, ఆ రశీదును హక్కులాగా చూపిస్తున్నారు. దీనికి ఇక్కడ రెవెన్యూ సైటు అని ముద్దు పేరు. పన్ను కట్టిన రశీదు పన్ను కట్టినట్టు చెబుతుంది, అంతే. నాకు తెలిసిన ఒకాయన పన్నెండేళ్లు మానకుండా పన్ను కట్టాడు, చివరికి సర్వే చేస్తే స్థలం గోమాళంలో తేలింది. గోమాళం అంటే పశువుల మేతకు వదిలిన సర్కారు భూమి. పన్నెండు రశీదులూ ఆయన బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి.

మూడో చెయ్యి కూడా ఒకటుంది. లేఅవుటు వేయాలంటే ప్రణాళికా ప్రాధికారం ఆమోదం కావాలి. మీ తాలూకాకు హొసకోటె ప్లానింగ్ అథారిటీ, దేవనహళ్లి వైపు విమానాశ్రయ ప్రాంతానికి వేరే సంస్థ. పొలంగానే ఉంచుకుంటే మీకు దాంతో పని లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

జిల్లా పేరు గురించి అడిగారు, ఒక కాగితంలో ఒకటి, ఇంకో దాంట్లో ఇంకొకటి ఉందని. దానికి కారణం ఉంది. 1986 ఆగస్టు 15న బెంగళూరు జిల్లాను రెండు చేశారు, నగరం ఒకటి, గ్రామాంతరం (అంటే రూరల్) ఒకటి. గ్రామాంతరానికి ఎనిమిది తాలూకాలు వచ్చాయి. 2007లో రామనగర, చన్నపట్టణ, కనకపుర, మాగడి కలిపి రామనగర జిల్లా చేశారు. మిగిలినవి నాలుగు: హొసకోటె, దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర, నెలమంగల. 2025 జూలైలో నంది కొండ మీద మంత్రివర్గం కూర్చుని ఈ జిల్లాకు బెంగళూరు ఉత్తర అని పేరు పెట్టాలని తీర్మానించింది. అంతకు రెండు నెలల ముందు రామనగరకు బెంగళూరు దక్షిణ అని పెట్టాలన్నారు. నంది కొండ మీదే బాగేపల్లిని భాగ్యనగర చేయాలన్నారు, 'పల్లి' మరీ తెలుగు మాటలా వినబడిందేమో. కాగితం ఏ కాలానిదో దాన్నిబట్టి బెంగళూరు, బెంగళూరు గ్రామాంతర, బెంగళూరు ఉత్తర, ఏ పేరైనా కనబడొచ్చు, ఆందోళన పడకండి. సర్వే నంబరు, ఊరు, హోబళి, తాలూకా సరిపోవాలి. హొసకోటె ఎన్ని జిల్లాలు మారినా హొసకోటె తాలూకానే.

ఇంకో విచిత్రం. గ్రామాంతర జిల్లాకు చాలా ఏళ్లు ఆఫీసు గ్రామాంతరంలో లేదు. బెంగళూరు నడిబొడ్డున విశ్వేశ్వరయ్య టవరు దగ్గర పోడియం బ్లాకులో ఉండేది. సాసలు నుంచి, త్యామగొండ్లు నుంచి రైతులు బస్సెక్కి విధానసౌధ పక్కదాకా రావాలి. పంచె కట్టుకున్నవాళ్లు లిఫ్ట్ ముందు వరసలో నిలబడటం నాకు బాగా గుర్తు. తర్వాత దేవనహళ్లి దగ్గర బీరసంద్రలో జిల్లాడళిత భవనం (మీ కలెక్టరేటు) కట్టి ఆఫీసులను అక్కడికి మార్చారు. మాకు హొసకోటె వాళ్లకు అది ఇంకో రకం దూరం, నేరుగా బస్సు తక్కువ.

హోబళికి గొంతు లేదన్నాను కదా. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్న హోబళిలో 13 ఊళ్ల నుంచి 1777 ఎకరాలు పరిశ్రమల కోసం తీసుకుంటామని నోటిఫికేషను వచ్చింది. రైతులు 2022 ఏప్రిల్ 4న ధర్నాకు కూర్చున్నారు. 1198 రోజులు కూర్చున్నారు. 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ భూసేకరణ వదిలేస్తున్నామని ప్రకటించారు. కాగితం మీద హోబళికి సభ లేకపోయినా ఆ ఊళ్లు తమ సభ తామే పెట్టుకున్నాయి. కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది: భూసేకరణ నోటిఫికేషను పహణీ 11వ కాలంలో ఎక్కుతుంది. చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక మీ 20 గుంటలు. ముందుగా, మీరు ఉద్యోగస్తులు, పొలం కొనొచ్చా అని భయపడ్డారు. 2020కి ముందైతే భయం న్యాయమే, రైతు కాని వారికి, 25 లక్షలు దాటిన ఆదాయం ఉన్నవారికి అడ్డం ఉండేది. 79ఎ, 79బి అనే ఆ నిబంధనలు ఆ ఏడాది తీసేశారు. కొనొచ్చు.

పహణీలో 9వ కాలంలో అమ్మేవాడి పేరుండాలి, 10లో అతనికి ఎలా వచ్చిందో మ్యుటేషను (పేరు మార్పు) నంబరుండాలి, 11లో బ్యాంకు అప్పు, కోర్టు తగాదా, ఇందాక చెప్పిన నోటిఫికేషను. ఇవి కంప్యూటరులో కనబడేవే, 2000 ప్రాంతంలో భూమి పథకం వచ్చినప్పటి నుంచి చేతిరాత పహణీలు చెల్లవు. అంతటితో ఆగకండి. చేతిరాత పహణీలు తాలూకా రికార్డు రూములో ఉన్నాయి, వాటి నకలు తీయించండి. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు జారిపోయిన పేర్లు అక్కడ దొరుకుతాయి. అక్కడే ఇంకొకటి తేలుతుంది: ఆ భూమి ఎప్పుడైనా సర్కారు మంజూరు చేసిందా అని. మీ కడపలో డీకేటీ పట్టా ఎలాగో, ఇక్కడ సాగువళి చీటితో ఇచ్చిన మంజూరు భూమి అలాగ. ఎస్సీ, ఎస్టీలకు మంజూరైన భూమిని సర్కారు అనుమతి లేకుండా కొంటే 1978 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. మధ్యలో నాలుగు చేతులు మారినా చెల్లదు. 2023 సవరణ తర్వాత "ఎప్పుడో జరిగింది, కాలం దాటిపోయింది" అనే వాదన కూడా బలం కోల్పోయింది.

మొత్తం సర్వే నంబరు కాకుండా అందులో 20 గుంటలే కొంటున్నారు కాబట్టి 11ఈ నక్ష కావాలి. సర్వేయరు వచ్చి కొలిచి, మీ ముక్కను గీసి ఇచ్చేది. అది లేకుండా సబ్ రిజిస్ట్రారు ముట్టుకోడు. కొలిచే రోజు మీరు అక్కడ ఉండండి, పక్క పొలాల వాళ్లను కూడా పిలిపించండి.

ఖరాబు గురించి నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కింద సూలిబెలె వైపు ఎకరం 10 గుంటలకు క్రయం రాశాను. పహణీలో మొత్తం విస్తీర్ణం అంతే ఉంది. దాని కిందే బి-ఖరాబు 6 గుంటలని ఉంది, నేను దాన్ని తీసేయలేదు. ఎ-ఖరాబు అంటే సాగుకు రాని రాయీ రప్పా, అది సొంతదారుదే. బి-ఖరాబు అంటే దారి, వాగు, కాలువ లాంటివి, అది జనానిది. కొన్నాయన మొత్తానికీ డబ్బు కట్టాడు. మూడేళ్ల తర్వాత కంచె వేయబోతే వాన కాలువ ఆ కంచె లోపలికి వచ్చింది. ఆయన నా దగ్గరికి వచ్చి అరవలేదు, "రాసింది నువ్వే కదప్పా" అని మాత్రం అన్నాడు. అప్పటి నుంచి నేను 3వ కాలం చదవకుండా కలం మూత తీయను. మీ 20 గుంటల్లో ఖరాబు ఎంతో, అది ఏదో, బ్రోకర్ని కాదు, ఆకార్‌బంద్‌ను అడగండి.

మ్యుటేషను మీద గొడవ వస్తే అప్పీలు ఏసీకి, ఏసీ దొడ్డబళ్లాపుర ఉపవిభాగానికి. ఆ పైన జిల్లాధికారికి. పంచాయతీ అధ్యక్షుడి దగ్గరికి వెళితే కాఫీ ఇస్తాడు, పాపం ఆయన చేతిలో అంతకంటే లేదు.

మీ మామగారు ఈ నెలలో వస్తారన్నారు కదా. ఆయన్ని తీసుకుని ఒక పనిరోజు పొద్దున్నే హొసకోటె తాలూకా ఆఫీసుకు రండి. పాత పహణీ కన్నడంలో ఉంటుంది, లిపి కాస్త గుండ్రంగా అనిపిస్తుంది, కానీ ఆయనకు పది నిమిషాల్లో అలవాటవుతుంది. ముప్పై ఏళ్ల కింద ఎవరి దస్తూరి మారిందో, ఏ పేరు మీద కొట్టేసి రాశారో కనిపెట్టడంలో కరణం కంటికి ఏ కంప్యూటరూ సాటి రాదు.